కథలో వర్ణన: మిర్చి యార్డు కళ్లకు కట్టడం లేదు, లోపం ఎక్కడుంది?

కరకట్ట

సభ్యులందరికీ నమస్కారం. నేను మూడేళ్లుగా కథలు రాస్తున్నాను. గుంటూరు మిర్చి యార్డు నేపథ్యంగా ఒక కథ రాసి ఒక పత్రికకు పంపితే, సంపాదకులు దయతో చిన్న ఉత్తరం జతచేసి తిప్పి పంపారు. కథా వస్తువు బాగుందనీ, కానీ యార్డు ఎక్కడా కనిపించడం లేదనీ, వర్ణన వచ్చిన ప్రతిచోటా కథ ఆగిపోతోందనీ దాని సారాంశం. ఆ మాట నన్ను చాలా బాధించింది, ఎందుకంటే ఆ యార్డు నాకు పరాయి చోటు కాదు. మా నాన్నగారు పంట అమ్ముకోవడానికి వెళ్లినప్పుడు వెంట వెళ్లి, ధర తేలేదాకా మిర్చి నింపిన టిక్కీల మీదే పడుకున్న రాత్రులు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. కళ్లారా చూసిన చోటు కాగితం మీదికి ఎందుకు రావడం లేదో నాకు అర్థం కావడం లేదు. కథలోని మొదటి పేరా ఇక్కడ ఇస్తున్నాను, దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

"ఆసియా ఖండంలోనే అతి పెద్ద మిర్చి మార్కెట్టుగా పేరొందిన ఆ సువిశాల ప్రాంగణం తెల్లవారుజామున ఎర్రని తివాచీ పరిచినట్టు కనువిందు చేస్తోంది. కొండల్లా పేర్చిన బస్తాల మధ్య చీమల బారుల్లా కదులుతున్న కూలీలతో, వ్యాపారుల కేకలతో, లారీల హారన్లతో ఆ ప్రాంతమంతా కోలాహలంగా ఉంది. ముక్కుపుటాలను అదరగొట్టే ఘాటు గాలిలో అలముకుంది. చెమటతో తడిసి, ఎండకు వాడిపోయి, పేదరికంతో నలిగిపోయిన ముఖంతో, చిరిగిన చీర కొంగు తలకు చుట్టుకున్న మంగమ్మ దిగులుగా నిలబడి ఉంది."

మంగమ్మ మిరపకాయలకు తొడిమలు తీసే కూలీ. కథంతా ఆమె ఒక రోజు పనిలో నడుస్తుంది.

మంజీర

కరకట్ట గారూ, మీ పేరా చదవగానే నాకు కలిగిన మొదటి సందేహం ఇది: ఎర్రని తివాచీ ఎవరికి కనిపించింది? మంగమ్మకు మాత్రం కనిపించి ఉండదు. తొడిమలు తీయడానికి వచ్చిన మనిషి కుప్పను చూసినప్పుడు రంగు చూసి మురిసిపోదు. అందులో తాలు ఎంత ఉంది, కాయ ఎండిందా లేక ఇంకా మెత్తగా ఉందా, గాలి తగిలే చోట ఎవరైనా ముందే కూర్చున్నారా, మేస్త్రి వచ్చాడా లేదా అని చూస్తుంది. తివాచీని చూసింది మీరు, అదీ కథ రాయడానికి కూర్చున్నప్పుడు. టిక్కీ మీద పడుకున్న ఆ పిల్లవాడు కూడా దాన్ని చూసి ఉండడు.

మొదటి వాక్యం దినపత్రికలోని జిల్లా పేజీ వార్తలా ఉంది. ఆసియాలో ఎంత పెద్దదైనా మంగమ్మకు కూర్చునే జాగా రెండు అడుగులే కదా. ఆ రెండు అడుగులూ చూపించగలిగితే మిగిలిన యార్డును పాఠకులు తమంతట తామే ఊహించుకుంటారని నా నమ్మకం. నేను మెదక్ వైపు మనిషిని, మీ యార్డు ఎన్నడూ చూడలేదు. చూడని నాలాంటి పాఠకురాలికి ఎత్తు మీది నుంచి తీసిన ఫొటో కంటే ఒక కాయను పట్టుకున్న చెయ్యి ఎక్కువ చెబుతుంది.

నల్లమల

నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉండవచ్చు, మన్నించండి. నేను ఫోనులో కథలు చదువుతాను, నాకు తెలిసిన పాఠకుల్లో చాలామంది అంతే. వర్ణన మొదలవగానే వేలు తెరను పైకి తోసేస్తుంది, సంభాషణ కనిపించినప్పుడే ఆగుతుంది. అందువల్ల ఎక్కడ జరుగుతోందో ఒక్క వాక్యంలో చెప్పి కథలోకి వెళ్లిపోవడం మేలు. 1910లో వచ్చిన గురజాడ వారి 'దిద్దుబాటు' "తలుపు! తలుపు!" అన్న పిలుపుతోనే మొదలవుతుంది. ఇంటి వర్ణన కోసం అక్కడ ఎవరూ ఎదురుచూడలేదు.

వీధిబడి

నల్లమల గారి మాటలో నిజం లేకపోలేదు, కానీ వేలు తెరను తోసేయడానికి కారణం వర్ణన కాదని, అరువు తెచ్చుకున్న వర్ణన అని నేను భావిస్తున్నాను. మీరు ఉదాహరించిన కథ ప్రారంభాన్నే తీసుకోండి. రాత్రివేళ మూసి ఉన్న తలుపు, బయట నిలబడి పిలుస్తున్న భర్త, లోపలి నుంచి రాని జవాబు: రెండు మాటల్లో మనకు ఇల్లు కనిపించింది, వేళ తెలిసింది, ఆ దంపతుల మధ్య ఏదో సరిగా లేదని కూడా తెలిసింది. అదే వర్ణన. దానికి వేరే పేరా కేటాయించలేదు, అంతే.

ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన అలవాటు కొద్దీ కొంచెం వెనక్కి వెళతాను, ఓపిక పట్టండి. మన ప్రబంధాలకు అష్టాదశ వర్ణనలు ఉండాలన్న నియమం మీలో చాలామందికి తెలుసు: పురం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం, సూర్యోదయం, ఇలా పద్దెనిమిది. నియమం అన్నాక అవసరం ఉన్నా లేకున్నా నింపడం మొదలవుతుంది. ఒక ప్రబంధంలోని చంద్రోదయం తీసి మరొక దానిలో పెట్టినా తేడా తెలియని స్థితి అలా వచ్చింది. నేటి కథల్లో కనిపించే "వెండి వెన్నెల", "పచ్చని తివాచీలాంటి పొలాలు" ఆ అలవాటుకు వారసులే. కోనసీమలో జరిగే ఒక కథలో సూర్యుడు పడమటి కొండల చాటుకు వెళ్లడం నేను చదివాను. కోనసీమ చదునైన డెల్టా భూమి. అక్కడ సూర్యుడు కొబ్బరి తోటల వెనక్కి వెళతాడు తప్ప, దిగడానికి కొండ ఎక్కడుంది? ఆ రచయిత సూర్యాస్తమయం చూసి రాయలేదు, వేరొకరి వాక్యం గుర్తుతెచ్చుకుని రాశారు.

అయితే అదే ప్రబంధ సంప్రదాయంలో ఎదురు ఉదాహరణ కూడా ఉంది. శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' నాలుగో ఆశ్వాసంలో వర్షర్తువును వర్ణించారు. మేఘాలు, మెరుపులు, నెమళ్లు ఎలాగూ ఉన్నాయి. నన్ను ఆశ్చర్యపరిచేవి అవి కాదు. ముసురు పట్టిన రోజుల్లో పొయ్యి రాజేసుకోవడానికి నిప్పు కోసం ఇల్లిల్లూ తిరగవలసి రావడం, ఎక్కడో కాస్త దొరికితే అది ఇంట్లో ఆరిపోకుండా నిలవడం గగనమవడం, నిలిచినా దానితో వంట ముగించడం మరో యాతన కావడం ఆయన ఒక పద్యంలో చెప్పారు. మరో పద్యంలో గురుగు, చెంచలి, తుమ్మి, లేత తగిరిసాకు, చింతచిగురు కలిపి నూనెతో వండిన పొరటుతో ఆరికల కూడు తిని, పసులు మేతకు పోయాక, కింద మేక ఎరువు కుంపటి పెట్టుకుని మంచమెక్కిన రెడ్లు కనిపిస్తారు. దూడలు వచ్చి వాళ్ల ఒళ్లు నాకుతుంటాయి.

1509 నుంచి 1529 వరకు సామ్రాజ్యమేలిన మహారాజు ఆ పద్యంలో "కొన్ని ఆకుకూరలు" అని సరిపెట్టలేదు, ఐదు పేర్లు చెప్పారు. ఒట్టి "కుంపటి" అనలేదు, అందులో రాజుకునేది ఏమిటో చెప్పారు. ఇక ఆ దూడ! దానిని కూర్చుని కల్పించడం కష్టం, ఎక్కడో చూసి ఉండాలి. గరుకైన ఆ నాలుక తగిలిన చోట మన చర్మానికి కూడా తెలుస్తుంది. వాన గురించి ఒక్క విశేషణమూ లేకుండానే, బయట జడివాన పడుతోందని, పని లేదని, ఇంట్లో వెచ్చగా ఉందని, ఆ మనుషులకు అంతకంటే కావలసింది లేదని మనకు తెలిసిపోయింది.

మన ఆలంకారికులు దీనికి స్వభావోక్తి అని పేరు పెట్టారు. ఉన్నదానిని ఉన్నట్టు, దాని స్వభావం కనబడేట్టు చెప్పడం. దండి తన 'కావ్యాదర్శం'లో అర్థాలంకారాలను చెబుతూ దీనినే మొదటి అలంకారంగా నిలబెట్టాడు. ఉపమలు, ఉత్ప్రేక్షలు దాని తరువాతే వచ్చాయి. కరకట్ట గారి పేరాలో తివాచీ, కొండలు, చీమల బారులు అని మూడు పోలికలు ఉన్నాయి. స్వభావోక్తి ఒక్కటీ లేదు.

కరకట్ట

మాస్టారూ, దూడ విషయం నేను చదువుకునే రోజుల్లో ఎవరూ చెప్పలేదు. ప్రతిపదార్థం రాయించారు, అంతే. ఆ పద్యం మళ్లీ తీసి చదువుతాను. నా పోలికలు మూడూ తీసేయడానికి నాకు అభ్యంతరం లేదు, కానీ పోలికే పనికిరాదంటారా? పోలిక లేకుండా రాస్తే నా వాక్యం పంచాయతీ నివేదికలా తయారవుతోంది.

మంచుదారి

పోలిక గురించి నా అనుభవం చెబుతాను. నేను మిన్నెసోటాలో ఉంటాను. తెనాలి నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక తల్లి గురించి కథ రాస్తూ, ఆమె మొదటిసారి మంచు కురవడం చూసిన ఉదయాన్ని "ఆకాశం నుంచి మల్లెపూలు రాలుతున్నట్టు" అని రాశాను. రాసిన రోజు చాలా సంతోషించాను. నాలుగు రోజుల తరువాత మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పటి సంగతి గుర్తొచ్చి ఆ వాక్యం కొట్టేశాను.

మా అమ్మ మంచును చూసి మొట్టమొదట అన్న మాట "చప్పుడు కాలేదే!" అన్నది. ఊళ్లో ఎంత గాఢ నిద్రలో ఉన్నా, నాలుగు చినుకులు రేకు మీద పడగానే లేచి దండెం మీది బట్టలు తీయడానికి పరిగెత్తడం ఆమెకు నలభై ఏళ్ల అలవాటు. ఇక్కడ రాత్రంతా ఆకాశం నుంచి అంత పడింది, ఆమెకు మెలకువ రాలేదు. పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, తప్పు చేసిన మనిషిలా, "నాకు తెలియనే లేదు" అని రెండు మూడుసార్లు అంది. నేను కథలో మల్లెపూలు తీసేసి, ఆ తల్లి మెలకువ రాగానే బట్టలు ఎక్కడ ఆరేశానా అని తడుముకోవడం పెట్టాను.

కరకట్ట గారూ, అందుచేత పోలిక పనికిరాదని నేను అనను. అది పాత్ర బతుకులోంచి రావాలి. ఆ తల్లి మంచును దేనితోనైనా పోల్చవలసి వస్తే దూదేకులవాళ్లు దూది ఏకిన తరువాత వాకిట్లో మిగిలే పింజలతో పోల్చవచ్చు, ఎందుకంటే ఆమె ఆ వాకిలి ఊడ్చింది. మీ మంగమ్మకు ఘాటు దేనిలా ఉంటుందో మంగమ్మనే అడగాలి.

భీమిలి

ఘాటు అన్నారు కాబట్టి వాసనల గురించి ఒక మాట. మన రచయితలు కంటికి ఇచ్చినంత చోటు ముక్కుకు ఇవ్వడం లేదు. ఇచ్చినా "సువాసన", "దుర్వాసన" అన్న రెండు మాటలతో ముగిస్తున్నారు. మన ఇళ్లలో వాడే మాటలు చూడండి. చేపకు, కడగని గుడ్డు గిన్నెకు నీచు వాసన. పెనం మీద మరిగి మరిగి పొగ లేచిన నూనెకు కమురు వాసన. మూత తీయకుండా ఉంచిన పాత బియ్యానికి ముక్కిన వాసన. అడుగంటిన పాలకు మాడు వాసన. ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క ఇల్లు, ఒక్కొక్క వేళ ఉన్నాయి. నేను చేపలు ఎండబెట్టే తీరంలో పెరిగాను. మా ఇంట్లో ఎండు చేప వాసనను ఎవరూ "దుర్వాసన" అనుకోలేదు, అది కూలి దొరికిన రోజు వాసన. కథలో ఆ వాసనకు ముక్కు మూసుకునే మనిషి వస్తే, అతను ఆ వాడవాడు కాదని వేరే చెప్పనక్కర లేదు.

చప్పుళ్ల విషయంలో మనం ఇంకా ధనవంతులం. కన్నీళ్లు బొటబొట కారితే ఒక రకం, జలజల రాలితే మరో రకం. ఎండు మిరపకాయల కుప్పలో చెయ్యి పెడితే గలగలమంటుంది. పచ్చి ఆరకపోతే ఆ చప్పుడు రాదు. గలగల అన్న ఒక్క మాటతో కాయ ఎండిందని పాఠకుడికి తెలుస్తుంది కదా. అయితే ఇవి పేరాకు ఒకటి చాలు, వరసగా వాడితే పిల్లల పాటలా మారిపోతుంది.

వాక్యవిద్య

ఇప్పటివరకు ఏం చూడాలన్న దాని గురించి మాట్లాడుకున్నాం. చూసినదానిని తెలుగు వాక్యంలో ఏ వరసలో పెట్టాలన్నది నా దృష్టిలో అంతకంటే పెద్ద సమస్య. కరకట్ట గారి చివరి వాక్యం మరొకసారి చదవండి.

"చెమటతో తడిసి, ఎండకు వాడిపోయి, పేదరికంతో నలిగిపోయిన ముఖంతో, చిరిగిన చీర కొంగు తలకు చుట్టుకున్న మంగమ్మ దిగులుగా నిలబడి ఉంది."

మంగమ్మ అన్న మాట వచ్చేసరికి వాక్యం దాదాపు అయిపోయింది. తడిసినది ఎవరో, వాడినది ఎవరో తెలియకుండా పాఠకుడు ఆ విశేషణాలన్నీ చేతుల్లో పట్టుకుని నిలబడాలి. తెలుగులో విశేషణం ఎప్పుడూ నామానికి ముందే వస్తుంది, అది భాష స్వభావం, మార్చలేం. ఒకటి రెండు విశేషణాలైతే ఇబ్బంది లేదు. నాలుగైదు పేర్చేసరికి బొమ్మ గీయడానికి గోడ లేకుండా రంగులు మాత్రం చేతికి ఇచ్చినట్టవుతుంది. కథ ఆగిపోతోందని సంపాదకులకు అనిపించడానికి ఇదొక కారణమని నేను అనుకుంటున్నాను.

పొడవైన వాక్యమే తప్పని దీని అర్థం కాదు. మన భాషలో రెండు రకాల పొడవు ఉంది. "చిరిగిన, మాసిన, కొంగు చుట్టుకున్న మంగమ్మ" అన్నది ఒక రకం. ఇందులో కాలం కదలదు. "మంగమ్మ కొంగు విప్పి, రెండుసార్లు దులిపి, మళ్లీ తలకు చుట్టి, అంచు పంటి కింద పట్టుకుని కుప్ప ముందు కూర్చుంది" అన్నది మరో రకం. ఇందులో విప్పి, దులిపి, చుట్టి, పట్టుకుని అన్న క్త్వార్థకాలు, అంటే ఒక పని ముగించి తరువాతి పనికి దారితీసే క్రియలు, ఒక్కొక్కటీ ఒక్కొక్క అడుగు వేస్తాయి. వాక్యం ఎంత పొడవైనా పాఠకుడు దానితో పాటు నడుస్తాడు, చివరి క్రియ దగ్గర ఆమెతో పాటు కూర్చుంటాడు. కొంగు ఉందని, దానికి దుమ్ము పట్టిందని, ఘాటుకు ముక్కు కప్పుకోవలసిన చోటని, ఆమెకు ఇది కొత్త కాదని ఈ రెండో వాక్యం చెప్పింది. ఒక్క విశేషణం కూడా వాడలేదు.

ఇంకొక చిన్న సంగతి. మీ నాలుగు వాక్యాల చివర ఉన్న క్రియలు ఇవి: "చేస్తోంది", "ఉంది", "అలముకుంది", "నిలబడి ఉంది". వీటిలో ఏ ఒక్కదానితోనూ ఏదీ జరగలేదు, ఏదీ మారలేదు. తెలుగు వాక్యంలో క్రియ చివర ఉంటుంది కాబట్టి చెవిలో మిగిలేది అదే. ఆ చోటును "ఉంది"కి ఇచ్చేయడం నాకు నష్టంగా తోస్తుంది. ఇక "దిగులుగా" అన్న మాట. ఆమెకు దిగులు ఉంటే అది మీరు చెప్పకముందే ఆమె చేతుల్లో కనిపించాలి. వేలు తెరను తోసేస్తుందని నల్లమల గారు అన్నది బహుశా ఇలాంటి "గా"ల దగ్గరే అయి ఉంటుంది.

నల్లమల

నిజమే. నేను నా మాటను సవరించుకుంటున్నాను. మీరు రాసిన రెండో వాక్యం దగ్గర నా వేలు కదలలేదు. అది వర్ణన అని కూడా నాకు తోచలేదు.

కరకట్ట

వాక్యవిద్య గారూ, విశేషణాల సంగతి ఇంత సూటిగా ఎవరూ నాకు విప్పి చెప్పలేదు, కృతజ్ఞతలు. తిరగ రాస్తున్నాను. అయితే ఒక ఇబ్బంది ఎదురైంది. మంగమ్మ కళ్లతో చూడడం మొదలుపెట్టగానే మా వైపు మాటలు వచ్చి పడుతున్నాయి. టిక్కీ అంటే మిర్చి నింపి కుట్టిన బస్తా అని, తాలు అంటే రంగు పోయి తెల్లబారిన నాసి కాయ అని వేరే ప్రాంతం వారికి ఎలా తెలుస్తుంది? మొదటిసారి రాసినప్పుడు అందుకే "బస్తా" అన్నాను. ఇప్పుడు అర్థాలు పక్కన ఇవ్వాలా?

మంజీర

ఇవ్వకండి. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది, కొంచెం బాధ కూడా ఉంది. నా కథ ఒకదానిలో "మొగులు పట్టింది" అని రాస్తే, అచ్చయ్యేసరికి అది "ఆకాశంలో మేఘాలు కమ్ముకున్నాయి" అని మారింది. మారిన వాక్యంలో తప్పు ఏమీ లేదు, కానీ అది మా నాయనమ్మ అనే మాట కాదు. మొగులు అన్నప్పుడు మా ఇంట్లో కల్లంలో ఆరబోసిన వడ్ల మీదికి అందరి చూపూ వెళ్లేది. మేఘాలు అన్నప్పుడు మా చూపు పాఠ్యపుస్తకం మీదికి వెళ్లేది.

తెలియని మాటను పాఠకులు భరించగలరు. ఆ మాటతో ఎవరైనా ఏదైనా చేస్తుంటే దాని అర్థం దానంతట అదే తెలుస్తుంది. "మంగమ్మ టిక్కీకి వీపు ఆనించింది, గోనె పీచు రవికెలోంచి గీరుకుంది" అని రాస్తే టిక్కీ ఎంత పెద్దదో, దేనితో చేసినదో, నిండుగా ఉందో లేదో మెదక్‌లో కూర్చున్న నాకు తెలిసిపోయింది. మాస్టారు చెప్పిన పద్యంలో గురుగు, చెంచలి నేను ఎన్నడూ తినలేదు. తినకపోయినా వాటి పేర్లు ఉన్నందువల్లే ఆ కూర ఒక ఊరి కూర అనిపించింది. పేర్లు తీసేసి "ఆకుకూరలు" అని ఉంటే ఏ ఊరిదీ కాకుండా పోయేది. దాదాపు రెండు వందల మైళ్ల అవతలి మాట నాకు తెలియకపోతే, దానిని నేర్చుకునే అవకాశం మీ కథే ఇవ్వాలి కదా.

వీధిబడి

మంజీర గారితో ఏకీభవిస్తున్నాను. ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. ఒకే వాక్యంలో మూడు కొత్త మాటలు వస్తే పాఠకుడికి ఊత దొరకదు. పక్కన తెలిసిన మాట ఒకటి నిలబడి ఉండాలి. గోనె అన్న తెలిసిన మాట పక్కన టిక్కీ నిలబడినట్టు.

కరకట్ట

రెండు రాత్రులు కూర్చుని తిరగ రాశాను. అంతకుముందు ఒక ఉదయం యార్డుకు వెళ్లి, ఏమీ రాసుకోకుండా, తొడిమలు తీసే చోట గంటసేపు నిలబడి వచ్చాను. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ ధర వైపు, కాటా వైపు చూశాను తప్ప వాళ్ల చేతుల వైపు చూడలేదని అక్కడ తెలిసింది. కథ మొదటి పేరా, చివరి పేరా ఇస్తున్నాను.

"మంగమ్మ గేటు దాటుతూనే కొంగు విప్పి, దులిపి, ముక్కు మీదికి వచ్చేట్టు మళ్లీ చుట్టి, అంచు పంటి కింద పట్టుకుంది. మేస్త్రి ఇంకా రాలేదు. తలుపు దగ్గర గాలి తగిలే చోట అప్పటికే ముగ్గురు కూర్చున్నారు. లోపలి గోడ వైపు నడిచి, టిక్కీకి వీపు ఆనించి కూర్చుంది. గోనె పీచు రవికెలోంచి గీరుకుంది. కుప్పలో చెయ్యి పెట్టింది. గలగలమనలేదు. ఒక కాయ తీసి వంచితే విరగకుండా వంగింది. ఈ రోజు గింజ తక్కువ రాలుతుంది, దగ్గు తక్కువ వస్తుంది. గుప్పెడు ఒళ్లో పోసుకుని, తెల్లబారిన తాలు కాయలు రెండు ఏరి పక్కకు విసిరి, మొదటి తొడిమ గిల్లింది."

"సాయంత్రం ఇంటికి చేరి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ఏడుస్తున్న పిల్లవాణ్ని ఎత్తుకుని గుండెలకు హత్తుకుంది."

మంచుదారి

మొదటి పేరా చదువుతుంటే నాకు తెలియకుండానే నోటితో ఊపిరి పీల్చడం మొదలుపెట్టాను. వంగిన కాయ దగ్గర ఆమె అనుభవం అంతా ఉంది. చివరి పేరా మాత్రం ఏదో పాత సినిమా నుంచి వచ్చినట్టు ఉంది, ఎందుకో చెప్పలేకపోతున్నాను.

యార్డు పక్కిల్లు

నేను ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈ కథ కోసం రాస్తున్నాను. మా అమ్మ పదకొండేళ్లు తొడిమలు తీసింది, కిలో లెక్కన కూలి.

మొదటి పేరా సరిగా ఉంది. తలుపు దగ్గర చోటు కోసం మా అమ్మ మమ్మల్ని నిద్ర లేపకుండానే వెళ్లిపోయేది. చివరి పేరా మాత్రం జరగదు. సబ్బుతో రెండుసార్లు కాదు, పదిసార్లు కడిగినా ఆ మంట పోదు. నీటికి అది లొంగదు. కొబ్బరి నూనె రాసుకుని బాగా రుద్ది, తరువాత కడిగితే కొంత తగ్గుతుంది. గోళ్ల కింద మిగిలినది మాత్రం అలాగే ఉంటుంది. పొద్దంతా పనిలో తెలియని మంట రాత్రి పడుకున్నాక మొదలవుతుంది. మా అమ్మ చేతులు దుప్పటి బయట పెట్టి, అరచేతులు పైకి తిప్పి పడుకునేది.

ఆ రోజుల్లో మా తమ్ముడు చంటివాడు. వాడు ఎంత ఏడ్చినా అమ్మ పని నుంచి రాగానే ఎత్తుకునేది కాదు. ఒకసారి ఎత్తుకుంటే ఆమె వేలు వాడి కంటికి తగిలి, వాడు ఆ రాత్రంతా ఏడ్చాడట. అప్పటి నుంచి వాడి ముక్కు తుడవడం, ముఖం కడగడం, అన్నం పెట్టడం నా పని. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. అమ్మకు మేమంటే ఇష్టం లేదని చాలాకాలం అనుకున్నాను. కరకట్ట గారూ, మంగమ్మకు చంటిపిల్లవాడు ఉన్నాడని మీరు రాశారు కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

కరకట్ట

అమ్మా, మీరు రాసినది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మంగమ్మకు ఒక పెద్దపిల్ల ఉండాలని నాకు ఇప్పటిదాకా తట్టలేదు. మీరు అనుమతిస్తే చివరి పేరా ఇలా మారుస్తాను.

"మంగమ్మ గుమ్మంలోనే కూర్చుని, చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకుని, కాళ్లు చాపింది. పెద్దపిల్ల తమ్ముడి ముక్కు పావడాతో తుడిచి, వాణ్ని తెచ్చి ఆ కాళ్ల మీద కూర్చోబెట్టింది."

యార్డు పక్కిల్లు

అనుమతి అక్కరలేదండీ. "పావడాతో" అన్నది అలాగే ఉంచండి.